పన్ను కాడ ఆగకు బిడ్డా

బిడ్డా,

నిన్న నువ్వు అడిగినదానికి జవాబు చెప్పేలోపే ఫోన్ కట్టయింది. "డెంటల్‌ల చేరితే అందరు పళ్ల డాక్టరమ్మ అంటరు గదా పెద్దబాపూ" అన్నవు. అంటరు. నన్ను ముప్పై ఏండ్ల సంది అంటున్నరు. మొదట్ల కోపమొచ్చేది. ఇప్పుడు సంతల కూరగాయలమ్మే అవ్వ "పళ్ల సారొచ్చిండు" అని రెండు వంకాయలు ఎక్కువ వేస్తది. దాని గురించి ఏడ్వకు.

నాకు కోపమొచ్చింది ఇంకో మాటకు. "ఎంబీబీఎస్ అయినంక డెర్మటాలజీ తీస్కుంట, నైట్ డ్యూటీలుండవు" అన్నవు. ఇంకా కాలేజీ గేటు తొక్కలేదు, అప్పుడే నిద్ర లెక్కలేస్తున్నవా?

తేడా ఎక్కడున్నదో చెప్త. ఎంబీబీఎస్‌ల దారి ఆలస్యంగ చీలుతది. ఇంటర్న్‌షిప్ కలిపి ఐదున్నరేండ్లు అన్ని వార్డులు తిరిగినంక, పీజీ కాడ పిల్లల వైద్యమా, సర్జరీయా, మత్తు ఇచ్చుడా అని తేల్చుకోవచ్చు. డెంటల్‌ల పద్దెనిమిదేండ్లకే తేల్చుకోవాలె. దాని పీజీ ఎండీఎస్‌ల తొమ్మిది బ్రాంచులున్నా అన్నీ నోటి చుట్టూ తిరిగేటివే. ఏం కావాల్నో ఇంకా తెల్వనోళ్లకు మొదటిది నయం. చేతులు ఊకోనోళ్లకు రెండోది. చిన్నప్పుడు మీ బాపు గడియారం విప్పి మళ్ల బిగించినవు, యాదికున్నదా? రెండు మరలు మిగిలినయి, గని గడియారం నడిచింది. రూట్ కెనాల్ గంటల ముగించి, పేషెంట్ నవ్వుకుంట పోతుంటే చూసుడు నాకిష్టం. గోలీలు రాసి వారం ఎదురుచూసే ఓపిక నాకు లేకుండె. నీకున్నదేమో నువ్వే చూసుకోవాలె.

మీ అమ్మ ఇంటికి దగ్గరని ఎంబీబీఎస్ అంటున్నదట. నిజమే, మా కాలంల డాక్టర్ చదువంటే వరంగల్ కాకతీయనో, హైదరాబాద్ ఉస్మానియానో. ఆదిలాబాద్‌కు రిమ్స్ వచ్చిందే 2008ల. 2016ల జిల్లా నాలుగైనంక, 2022ల మంచిర్యాలకు, 2023ల నిర్మల్, ఆసిఫాబాద్‌లకు కూడ కాలేజీలొచ్చినయి. మంచిదే. గని దగ్గర ఉన్నదని ఎంచుకునేది కిరాణం దుకాణం, నలభై ఏండ్ల పని కాదు. పైసల సంగతి మీ బాపుతోని మాట్లాడుత. ఒక్కటి మాత్రం యాదిపెట్టుకో: పళ్ల డాక్టర్లకు సర్కారు కొలువులు తక్కువ. సొంత క్లినిక్ అంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే అన్నీ అప్పు మీదనే వస్తయి. నా మొదటి కుర్చీ అప్పు తీరేసరికి దాని రెగ్జిన్ చినిగింది.

ఇగ అసలు సంగతి. ఇది మీ పెద్దమ్మకు తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. క్లినిక్ పెట్టిన రెండో ఏడు, బేల దిక్కు నుంచి ఒక పత్తి రైతు వచ్చిండు. ఎడమ దిక్కు కింది దవడ గుంజుతున్నదన్నడు. చూస్తే అక్కడ్నే ఒక పుచ్చిన దంతం. ఇంకేం, దొంగ దొరికిండనుకున్న. "మూట మోస్తే వస్తది సారూ, కూసుంటే పోతది" అని ఆయన చెప్పుతనే ఉన్నడు. నేను సూదిమందు ఎక్కించుకుంట "ఆఁ, ఆఁ" అన్న. పన్ను పీకి పంపిన. నాలుగో రోజు మళ్లొచ్చిండు, నొప్పి గట్లనే ఉన్నది. అప్పుడు వెన్నుల చలి పుట్టింది. మెడిసిన్ చదివిన దోస్తు కాడికి పట్టుకపోయిన. ఆయన నోరు తెరవమని కూడ అనలేదు. ఎప్పుడొస్తది, ఎప్పుడు పోతది అని రెండే ముచ్చట్లడిగిండు. అది గుండె నొప్పి బిడ్డా. గుండెకు రక్తం చాలకపోతే కొందరికి దవడల తెలుస్తది. రైతు బతికిండు, మందులు వాడుకుంట పత్తి ఏరిండు. పన్ను పీకినందుకు నన్నొక్క మాటనలేదు. ఆ మంచితనమే నన్ను ఎక్కువ కాల్చింది.

పన్ను పుచ్చిన మాట నిజం. తప్పు నా చేతిది కాదు, చెవిది. నాకు వచ్చిన పని కనవడంగనే ఆయన మాట వినుడు బందు పెట్టిన. ఇది డెంటల్‌ల ఒక్కదాంట్లనే కాదు, ఏ స్పెషలిస్టయినా పడే గుంతనే.

ఇంకో దిక్కు నుంచి కూడ చూడు. వక్క, గుట్కా నమిలి నమిలి నోరు బిగుసుకపోయిన పోరగాళ్లు నా కాడికొస్తరు. నిలువుగ మూడు వేళ్లు పట్టవు. అది రేపు క్యాన్సర్ కావచ్చు. వాళ్లు పెద్ద దవాఖానకు పోరు, పన్ను గారలు తీయమని నా కాడికే వస్తరు. పన్ను గీకి పంపితే నేను కూలోన్ని, ఆ వేళ్లు పెట్టి చూస్తెనే డాక్టర్‌ను.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు రెండు రోజులు ఇటు రా. ఒకనాడు నా కుర్చీ పక్క స్టూలు మీద, ఒకనాడు ఆ దోస్తు ఓపీల కూసో. కాళ్లు గుంజినా మళ్ల పొద్దున ఎటు పోబుద్ధయితదో చూసుకో, అదే రాసెయ్. పొద్దుగాల తొమ్మిదింటికి క్లినిక్ తీస్త. పదింటిదాంక పండేటోళ్లకు రెండిట్ల ఏ సీటూ లేదు.

నీ పెద్దబాపు