ఆ గడిలో ఏం రాయాలక్కా?

మొన్న ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో మా పులివెందుల చిన్నమ్మ కూతురికి తాళిబొట్టు గొలుసు చూస్తున్నాం. షాపాయన పది రకాలు పరిచాడు. ఆ పిల్ల మాత్రం గొలుసుల వైపు చూడదే! ఫోన్‌లో ఏదో ఫారం తెరిచి పెట్టుకుని నన్ను మోచేత్తో పొడిచింది. “అక్కా, సర్‌నేమ్ అని ఉండే గడిలో ఏం రాయాల?”

ఇంత చిన్న ప్రశ్నకు పొద్దుగూకేదాకా జవాబు దొరకలేదంటే నమ్ముతారా? అందుకే ఈసారి మన ముచ్చట్లు ఇంటిపేరు మీద.

సంగతేమంటే, పెళ్లికొడుకు అమెరికాలో ఉద్యోగం. అతని పాస్‌పోర్టులో సర్‌నేమ్ ‘రెడ్డి’. అసలు ఇంటిపేరు ముందు ఒక పొడి అక్షరంలో ముడుచుకుని కూర్చుంది. మనకు ఇంటిపేరు గడప లాంటిది, అది దాటాకే మనిషి. అమెరికా వాళ్లకేమో పేరులో ఆఖరు మాటే ఇంటిపేరు. ఇక చూడండి, సీమ నుంచి పోయిన పది ఇంటిపేర్ల వాళ్లూ అక్కడ దిగేసరికి ఒకే ఇంటివాళ్లయిపోయారు! కంప్యూటర్ సైన్సులో 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న కార్నెగీ మెలన్ ప్రొఫెసర్ రాజ్ రెడ్డి గారు పుట్టింది చిత్తూరు జిల్లా కాటూరులో, ఇంటిపేరు దబ్బల. అమెరికాలో ఆ దబ్బల ఎంతమందికి తెలుసు?

మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల ఇంట్లో ఇది తిరగబడింది. వాళ్ల నాన్న ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ గారు. బి అంటే అనంతపురం జిల్లాలోని బుక్కాపురం, ఎన్ అంటే నాదెళ్ల. ఊరినీ ఇంటినీ రెండు అక్షరాల్లో దాచుకుని ఆయన బతుకంతా యుగంధర్‌గానే గడిపారు. కొడుకేమో ఆ దాచిన నాదెళ్లనే లోకం నోట పలికించాడు.

మా అవ్వ ఇవన్నీ పట్టించుకోలేదు. ఆమె బాధ వేరే. “ఆడపిల్లకు రెడ్డి అని తోక ఏందిమే? మా కాలంలో ఆడోళ్ల పేరు చివర అమ్మ ఉండె. మా అత్తకూ అంతే, నాకూ అంతే” అంది. నాకు ఒక్కసారిగా తట్టింది, నిజమే కదా! మన పక్క రెడ్డి మగవాళ్ల పేర్ల చివరే ఉండేది. అసలది ఊరి పెత్తనం చేసే కొలువు పేరు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఎత్తేసేదాకా ఊరికొక రెడ్డి, ఒక కరణం ఉండేవాళ్లు. అమెరికాలో స్మిత్ అంటే కమ్మరి, మిల్లర్ అంటే పిండిమర ఆసామి అన్నట్టే ఇదీ. (2010 జనాభా లెక్కల్లో అక్కడ స్మిత్‌లు 24 లక్షల పైచిలుకు తేలారు. కొలిమి దగ్గర ఎందరున్నారో గానీ!) అవ్వ ఏనాడూ తగిలించుకోని మాటను మనవరాలు వీసా కోసం తగిలించుకోవాల్సి వస్తోంది.

అప్పుడందుకుంది జమ్మలమడుగు పెద్దమ్మ. ఇంగ్లీషు టీచరుగా రిటైరైంది, పాత పాటలంటే ప్రాణం. “హెలెన్ రెడ్డి అని ఒకామె ఉండె, తెలుసునా?” అంది. అవ్వ వెంటనే “ఏ ఊరి రెడ్లు?” అని అడిగింది. షాపాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

హెలెన్ రెడ్డి ఊరు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్, ఆ ఇంటిపేరు ఐర్లండ్ వాళ్లది. మన రెడ్డికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. మూడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని 1966లో అమెరికా చేరింది. ‘ఐ యామ్ వుమన్’ అని ఆడవాళ్ల మీద తాను ఇంకొకరితో కలిసి రాసి పాడిన పాట 1972 డిసెంబరులో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది గ్రామీ తీసుకుంటూ దేవుడికి కృతజ్ఞత చెప్పిందట, అదీ దేవుణ్ణి ‘ఆమె’ అంటూ! అక్కడ దానిమీద పెద్ద దుమారమే లేచింది. దసరాకు మన ప్రొద్దుటూరు అమ్మవారిశాల ముందు నిలబడే వాళ్లకు అందులో దుమారానికేముందో అర్థం కాదు. నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. ఆమె పెళ్లి చేసుకున్నది జెఫ్ వాల్డ్‌ని. పాడింది మాత్రం కడదాకా పుట్టింటి రెడ్డిగానే.

పుట్టింటి పేరంటే పులివెందుల మాట రాకుండా ఎట్లా ఉంటుంది? పార్టీల గొడవ మనకొద్దు, పేరు సంగతే చూద్దాం. యెడుగూరి సందింటి అన్న ఇంటిపేరును పలికేవాళ్లు మా పక్క కూడా తక్కువే, అందరికీ వైఎస్సే. జమ్మలమడుగులో 1949లో పుట్టి, అక్కడి మిషన్ ఆస్పత్రిలోనే డాక్టరుగా పనిచేసిన రాజశేఖరరెడ్డి గారి పొడి అక్షరాలు 2010లో కడప జిల్లాకే పేరయ్యాయి. 2011 ఉప ఎన్నికలో పులివెందులలో ఆయన భార్య విజయమ్మ, తమ్ముడు వివేకానందరెడ్డి ఎదురెదురుగా నిలబడ్డారు. ఇద్దరూ వైఎస్‌లే. విజయమ్మకు ఆ పేరు ఎట్లా వచ్చిందని ఎవరూ అడగలేదు. 2024లో కడప లోక్‌సభకు కూతురు షర్మిల, వరసకు తమ్ముడైన అవినాశ్‌రెడ్డి పోటీపడ్డారు. ఆయన గెలిచారు. అప్పుడు మాత్రం పెళ్లయిన ఆడపిల్లకు వైఎస్ ఎట్లా చెల్లుతుందని మాటలు నడిచాయి. వచ్చిన కోడలికి లేని ఆరా పుట్టిన కూతురికి! చీరె సారె పెట్టి పంపేటప్పుడు పేరు కూడా తిరిగి తీసుకుంటామన్నమాట. ఆ మాట చిన్నమ్మ ముందు అన్నాను. ఆమె ఉలకలేదు, పలకలేదు. గొలుసు తూకం మళ్లీ వేయమంది.

ఈ చిక్కే రాని ఆమె ఒకరున్నారు. ఎలినార్ రూజ్‌వెల్ట్. పుట్టినింటి పేరు రూజ్‌వెల్ట్, 1905లో చేసుకున్న ఫ్రాంక్లిన్ పేరూ రూజ్‌వెల్టే, దూరపు చుట్టరికం. తండ్రి లేని ఆ పిల్లను మండపానికి చేయి పట్టుకుని తీసుకొచ్చింది పెదనాన్న థియోడర్, అప్పటికి ఆయన అమెరికా అధ్యక్షుడు. పెదనాన్నా అధ్యక్షుడే, మొగుడూ అధ్యక్షుడే, ఇంటిపేరూ ఒకటే! అవ్వ చెవులు మూసుకుంది. “ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్లు గదమ్మా, శివశివా!”

అందుకు పెద్దమ్మ ఇంకో కథ తీసింది. మన పశ్చిమగోదావరి వడ్లూరు మూలాలున్న చిలుకూరి ఉష, అమెరికా ఉపాధ్యక్షుడైన జె.డి. వాన్స్‌తో పెళ్లయి వాన్స్ అయింది. ఆ వాన్స్ ఆమె మొగుడి తండ్రిది కాదు. ఆ మొగుడు పుట్టినప్పుడు బౌమన్, తర్వాత మారుతండ్రి పేరు హామెల్, చివరికి తనను పెంచిన అమ్మమ్మ ఇంటిపేరు తానే పెట్టుకున్నాడు. “అమ్మమ్మ పేరా? బాగుందే!” అని అవ్వ మొదటిసారి ముఖం విప్పింది.

పాస్‌పోర్టులో పెళ్లి తర్వాత పేరు మార్చుకోవాలన్న నిబంధన ఏదీ లేదని పెద్దమ్మే తేల్చింది. చెల్లెలు ఆ గడిలో చిన్నాయన ఇంటిపేరు రాసేసి, పెళ్లికొడుక్కి ఫోన్ చేసి చెప్పింది. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా అడిగాడట, “మా అసలు ఇంటిపేరు కూడా నీకు తెలుసు కదా? ఇంగ్లీషులో అదెట్లా రాస్తారో?” తెలియదందట ఈ పిల్ల. రాత్రికి రాత్రి వాళ్లమ్మకు ఫోన్ చేసి స్పెల్లింగు అడిగాడని పొద్దున కబురు. గొలుసు మాత్రం ఇంకా కుదరలేదు.