చెక్క ఒక చోట, పాట ఒక చోట: ఇంటి రికార్డింగుకు చిట్కాలు

మా నందవరం చుట్టుపక్కల ఊళ్లలో భజన పాటలు, చెక్కభజన పాటలు ఇళ్లలోనే రికార్డు చేసుకోవడం మొదలైంది. పాత ల్యాప్‌టాప్, ఒక మైకు, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే పని జరిగిపోతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. హార్మోనియం, తాళాలు ముందు రికార్డు చేసి, వాటిని వినిపిస్తూ మా భజన గురువు గారి చేత చెక్కలు వాయించాను. రెండూ కలిపి వింటే చెక్క ప్రతి దరువుకూ వెనకబడుతోంది. నలభై ఏళ్లుగా చెక్క పట్టిన మనిషి ఆయన. "నేను దరువు తప్పలే నాయనా. నీ డబ్బానే యాడో తప్పింది, సూసుకో" అన్నాడు. ఆయన మాటే నిజమైంది. అప్పటి నుంచి నేర్చుకున్నవి ఇవి.

1. తప్పు ఎలాంటిదో ముందు తేల్చుకోండి. రెండు ట్రాకులనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, తెరమీద బాగా పెద్దవి చేసి, పాట మొదట్లో ఒక దెబ్బ, నడుమ ఒకటి, చివర ఒకటి చూడండి. మూడు చోట్లా ఎడం ఒకేలా ఉంటే అది లేటెన్సీ, అంటే యంత్రం లోపల జరిగే ఆలస్యం. ట్రాకును ఒక్కసారి జరిపితే సరిపోతుంది. ఎడం పోనుపోను పెరుగుతుంటే రెండు యంత్రాల గడియారాలు కలవలేదని అర్థం. దానికి తొమ్మిదో చిట్కా చూడండి. ఒక చోట ముందుకు, ఒక చోట వెనక్కు ఉంటే అది మనిషి వాయించిన తీరు, లేదా రికార్డింగు మధ్యలో తెగింది. ఈ మూడింటికీ మందు వేరువేరు. చూడకుండా జరపడం మొదలుపెడితే రాత్రంతా కూర్చున్నా కుదరదు.

2. రికార్డు చేసేటప్పుడు బ్లూటూత్ వద్దు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో పాట చెవికి చేరడానికే 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 120 దరువుల పాటలో దరువుకూ దరువుకూ మధ్య ఉండేది 500 మిల్లీసెకన్లే. గురువు గారి చెవికి నేను పెట్టింది ఆ బ్లూటూతే. ఆయన విన్నదానికి సరిగ్గానే వాయించాడు, వినిపించిందే ఆలస్యంగా. ఎమ్మిగనూరు బజారులో వంద, నూటయాభైకి దొరికే వైరు ఇయర్‌ఫోన్ ఈ పనికి వేల రూపాయల బ్లూటూత్ కన్నా మేలు.

3. మీ యంత్రం ఆలస్యాన్ని మీరే కొలవండి. ఆడాసిటీలో లేటెన్సీ కాంపెన్సేషన్ అనే అంకె ఉంటుంది. దాన్ని ఆడాసిటీ తయారు చేసినవాళ్లు ముందే మైనస్ 130 మిల్లీసెకన్లని పెట్టి ఇస్తారు. అది అందరికీ సరిపోయే చొక్కా కాదు. దాన్ని సున్నా చేయండి. జనరేట్ మెనూలో రిథమ్ ట్రాక్, అంటే తాళం క్లిక్కుల ట్రాకు, తయారు చేయండి. ఇయర్‌ఫోన్ ఒక పక్కది తెచ్చి మైకు మూతికి ఆనించి గుడ్డతో చుట్టండి. ఆ ట్రాకును వినిపిస్తూ కొత్త ట్రాకులోకి రికార్డు చేయండి. ఇప్పుడు అసలు క్లిక్కుకూ, తిరిగి వచ్చిన క్లిక్కుకూ మధ్య దూరం ఎంతో ఎంపిక చేసి చూస్తే కింద అంకె కనిపిస్తుంది. నాకు 118 వచ్చింది. మైనస్ 118 అని రాశాను. పాత 130 అలాగే ఉంచి ఉంటే చెక్క 12 మిల్లీసెకన్లు ముందుకు దూకేది. డ్రైవర్ మార్చినా, మైకు మార్చినా మళ్లీ కొలవాలి. నేనైతే ఆ అంకెను చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించుకున్నాను.

4. విండోస్ వాడేవాళ్లు ఆడాసిటీలో ఆడియో హోస్ట్ దగ్గర ఎమ్‌ఎమ్‌ఈ ఉంటే వాసాపీకి మార్చి చూడండి. రీపర్, క్యూబేస్ లాంటి రికార్డింగు సాఫ్ట్‌వేర్లయితే ఏషియో డ్రైవర్ వాడండి. 1997లో స్టైన్‌బర్గ్ సంస్థ ఈ ఆలస్యం తగ్గించడానికే దాన్ని తెచ్చింది. ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నవాళ్లు దాని తయారీదారు ఇచ్చిన డ్రైవరే వేసుకోవాలి. అది లేనివాళ్లకు ఏషియో ఫర్ ఆల్ ఉచితంగా దొరుకుతుంది.

5. బఫర్‌ను (అంటే కంప్యూటరు శబ్దాన్ని ఒక్కో విడతకు ఎంత పోగుచేసి పంపాలన్న అంకెను) పనిని బట్టి మార్చుకోండి. నాగలదిన్నె దగ్గర తుంగభద్ర ఒడ్డున నిలబడి, ఆవలి గట్టున బట్టలుతికేవాళ్లను చూడండి. చెయ్యి బండమీద పడ్డాక కాసేపటికి గానీ చప్పుడు రాదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది, అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. బఫర్ కూడా అలాంటి దూరమే. 48,000 శాంపిళ్ల రేటులో 256 బఫర్ పెడితే 5.3 మిల్లీసెకన్లు, పాడేవాడు మద్దెలకు ఆరడుగులు అవతల నిలబడ్డట్టు. 1024 పెడితే 21 మిల్లీసెకన్లు, ఏడు మీటర్లు దూరం జరిగినట్టు. వచ్చేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు ఒకటి, ఆలస్యం రెండుసార్లు పడుతుందని మరచిపోవద్దు. రికార్డు చేసేటప్పుడు 128 లేదా 256, మిక్సింగుకు 1024. చిటపటలు వినిపిస్తే బఫర్ మరీ తగ్గించారని అర్థం, ఒక మెట్టు పెంచండి.

6. రికార్డింగు అయ్యేదాకా వైఫై ఆపండి, చార్జరు పెట్టే ఉంచండి, బ్యాటరీ పొదుపు తీసేయండి.

7. లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు రాబోయే శబ్దాన్ని ముందే చూడటానికి కొంత ఆపి వదులుతాయి. పాడేవాళ్లు చెవిలో వింటున్నంతసేపు వాటిని ఆపి ఉంచండి. ఇంటర్‌ఫేస్‌కు డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే నొక్కండి, గొంతు కంప్యూటరు చుట్టూ తిరగకుండా నేరుగా చెవికి వస్తుంది.

8. ట్రాకులు ఎమ్‌పీ3గా పంపుకోవద్దు. ఆ ఫైలు మొదట్లో కొద్ది నిశ్శబ్దం చేరుతుంది. లేమ్ ఎన్‌కోడర్‌తో చేసినదాన్ని తెరిస్తే సాధారణంగా 1105 శాంపిళ్లు, 44,100 రేటులో 25 మిల్లీసెకన్లు. ఆదోనిలో ఒకరు తబలా, ఇక్కడ ఒకరు పాట రికార్డు చేసి వాట్సాప్‌లో మార్చుకునేవాళ్లకు మూలం తెలియని తేడా ఇక్కడే పుడుతుంది. వేవ్ ఫైలుగా, డాక్యుమెంటుగా పంపండి. ఇద్దరూ ఒకే శాంపిల్ రేటు పెట్టుకోండి. 48,000లో చేసినదాన్ని 44,100 అని పొరబడి తెరిస్తే అయిదు నిమిషాల పాట అయిదున్నర నిమిషాలకు సాగుతుంది, శ్రుతి ఒకటిన్నర మెట్టు దిగుతుంది.

9. ఫోనులో వీడియో, ల్యాప్‌టాప్‌లో పాట తీసేవాళ్లు ముందొకసారి, చివరొకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. ఏ రెండు గడియారాలూ అచ్చంగా ఒకేలా నడవవు. సెకనుకు 0.05 మిల్లీసెకను తేడా ఉన్నా నిమిషానికి 3, నలభై నిమిషాల భజనకు 120 మిల్లీసెకన్లు. మగ్గం మీద పడుగు ఈ కొసన బిగించి ఆ కొస వదిలేస్తే నేత కుదరదు కదా. ముందు చప్పట్లు కలిపి, ఆ తర్వాత చివరి చప్పట్లు కలిసేదాకా ఆడియోను చేంజ్ టెంపోతో సాగదీయండి. శ్రుతి మారదు.

10. దరువులన్నీ గీతల మీదికి లాగవద్దు. సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజ్ నొక్కితే ప్రతి దెబ్బా గడిలోకి పోయి కూర్చుంటుంది. చెక్కభజన అలా నడవదు. నిదానంగా ఎత్తుకుని, వంత అందుకున్న కొద్దీ వేగం పెంచుకుంటూ పోవడమే దాని నడక. అడుగు తిరిగే చోట అందరూ ఒక్క రవ్వ ఆగి అందుకుంటారు. ఆ రవ్వ తీసేస్తే పాటలో ప్రాణం పోతుంది. యంత్రం చేసిన ఆలస్యాన్ని ట్రాకు మొత్తం ఒక్కటిగా జరిపి సరిచేయండి, లోపలి దెబ్బలను ముట్టుకోవద్దు. క్లిక్ కూడా పెట్టవద్దు. తాళం వేసేవారిని ముందు రికార్డు చేసి, ఆ తాళాన్నే మిగతావాళ్లకు వినిపించండి. వీలైతే తాళం, చెక్కలు రెండూ ఒకే గదిలో, ఎదురెదురుగా, ఒకేసారి.