కాల్షియం కదలకపోతే బిట్లు చూసుకోండి

రోజంతా ఆర్‌టీఎల్ రాసి, రాత్రిపూట సొంతంగా ఇంకేదైనా చేద్దామనుకునే ఎఫ్‌పీజీఏ ఇంజినీర్లకు నా సలహా: కణంలోని కాల్షియాన్ని పట్టుకుని బోర్డు మీద సిమ్యులేట్ చేయండి. జీవశాస్త్రం పదో తరగతిలోనే వదిలేసిన ఎంపీసీ బ్యాచ్ మనది, అయినా భయం లేదు. కావలసింది చాలా తక్కువ. కణద్రవంలో కాల్షియం మామూలుగా 100 నానోమోలార్ ఉంటుంది, కణం బయట దానికి పదివేల రెట్లు. లోపల ఈఆర్ అనే గిడ్డంగి ఉంది. ఐపీ3 అనే అణువు వల్ల దాని తలుపు తెరుచుకుంటే కాల్షియం కణద్రవంలోకి పొంగుతుంది, సెర్కా అనే పంపు తిరిగి ఈఆర్‌లోకి తోడేస్తుంది. ఈ లాగులాటలోంచే అలలు పుడతాయి. 1992లో డి యంగ్, కైజర్ దీనికి పెద్ద మోడల్ రాశారు. 1994లో లీ, రింజెల్ దాన్ని రెండు చరరాశులకు కుదించారు. మనకు ఆ రెండే చాలు.

ముందు ఆ మోడల్‌ను పైథాన్‌లో ఫ్లోటింగ్ పాయింట్‌తో నడపండి. ఐపీ3 0.5 మైక్రోమోలార్ దగ్గర అలలు రావాలి, 0.2 దగ్గర రాకూడదు. అది తేలేదాకా వెరిలాగ్ జోలికి వెళ్లొద్దు.

నేను వెళ్లాను. 16 భిన్న బిట్లు సరిపోతాయిలే అనుకున్నాను. కాల్షియం సెకనుకు 0.01 మైక్రోమోలార్ చొప్పున మెల్లగా పెరిగే చోట, 1/1024 సెకను అడుగుకు వచ్చే పెరుగుదల దాదాపు 0.00001. నా ఎల్‌ఎస్‌బీ 0.000015. అంటే కలిపేది సున్నా! తగ్గాల్సిన చోట ఇంకో తమాషా: రౌండింగ్ లేకుండా కుడికి జరిపితే టూస్ కాంప్లిమెంట్‌లో చిన్న రుణసంఖ్య సున్నా అవదు, ఒక ఎల్‌ఎస్‌బీ తగ్గిస్తుంది. పెరగడం మానేసి తగ్గడం మాత్రం వచ్చిన కాల్షియాన్ని చూస్తూ రెండు రాత్రులు సమీకరణాలను అనుమానించాను.

మందు సులువే. రేటుకు 18 భిన్న బిట్లు, కాల్షియానికి 28 ఇవ్వండి. అప్పుడు 1024తో భాగహారం అంటే స్థానం సరిచూసి కలపడమే, ఒక్క బిట్ పోదు. ఐపీ3 మారకుండా ఉంచితే భాగహారం ఉన్న పదాలన్నీ కాల్షియం మీదే ఆధారపడతాయి కాబట్టి డివైడర్ బదులు బ్లాక్ ర్యామ్‌లో పట్టికలు పెట్టుకోవచ్చు. రియల్ టైమ్‌లో నడిపితే 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో అడుగుకు 97 వేలకు పైగా క్లాకులు దొరుకుతాయి. పైప్‌లైన్ నిండుగా నడిస్తే ఒకే లెక్కల యంత్రం వేల కణాలను వంతులవారీగా మోస్తుంది.

నేరుగా ఈ పనికే ఉద్యోగాలు తక్కువ, ఉన్నవి ఎక్కువగా పరిశోధనశాలల్లో. చిప్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే మాత్రం బోర్డు కంటే ముందు ఆ చెడిపోయిన 16 బిట్ల గ్రాఫ్ తీయండి. ఎందుకిలా అయిందని వాళ్లే అడుగుతారు.