అంగడి బిడ్డకు అత్తమ్మ జాబు

జహీరాబాద్

బంగారు బిడ్డా,

మీరు అయిదుగురు కలిసి కొత్త నవ్వుల ఆట కడుతున్నరని, చేతుల రాసిన నాటకమే లేదని, పొద్దంతా ఒక గదిల నిలబడి ఆడుకుంట, మాట్లాడుకుంటనే కథ పుట్టిస్తున్నరని నువ్వు ఫోన్ల చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగ ఉంది, ఒకపక్క పానం గుబగుబమంటంది. యాళ్లకు తింటున్నవా, నిద్రపోతున్నవా అని అడగాలనే ఉంది గాని, నువ్వు అడిగింది మనూరి ముచ్చట్లు కాబట్టి ముందు వాటి సంగతే రాస్తున్న.

మన బస్టాండ్ల బీదర్ బస్సు కోసం కూసున్న నలుగురి చుట్టూ కథ అల్లుతున్నమన్నవు. మంచి జాగ పట్టినవు. ముంబయి రోడ్డు మీద ఊరు, పక్కనే కర్ణాటక, ఒకే బెంచీ మీద తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ వినపడుతయి. ఒకామె కన్నడంల అడిగితే పక్కాయన ఉర్దూల జవాబు చెప్తడు, అల్లం బస్తా మీద కూసున్న ముసలాయన ఇద్దరినీ తెలుగుల కోప్పడుతడు, ఆఖరికి ముగ్గురూ సరైన బస్సే ఎక్కుతరు. ఒకరి మాట ఒకరికి తెల్వకపోవుడే నవ్వని చాలామంది అనుకుంటరు. నాకైతే అన్ని భాషల నడుమ కూడ అన్నీ తెలిసిపోతయి చూడు, దానికే ఎక్కువ నవ్వొస్తది. ఇంకొకటి, ఆ నలుగురిల ఏ ఒక్కరికీ తాము నవ్విస్తున్నమని తెల్వొద్దు. ముసలాయనకు చిల్లర కావాలె, పెండ్లికి పోయేటామెకు చీర నలగకుండ కిటికీ పక్క సీటు కావాలె, వాళ్లకు అది పానం మీది పని. ఆడేటోళ్లు నవ్వు కోసం వెతుకులాడితే చూసేటోళ్లకు యాష్టకొస్తది.

ఇటలీల నాలుగు వందల ఏండ్ల కిందట కథ చట్రం ఒక్కటే కాయితం మీద రాసి తెర వెనుక తగిలించుకొని, మిగతాదంతా అప్పటికప్పుడు అల్లుకునే నటుల జట్లు ఉండేవని నువ్వు చెప్తుంటే నాకు పిట్టల దొర యాదికొచ్చిండు. పాత ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, తనకు లేని జాగీరు గురించి చెప్పే కోతలు. ఏ ఇంటి ముందట నిలబడితే ఆ ఇంటి గొడ్డునో గోడనో పట్టుకొని అక్కడికక్కడే కొత్త అబద్ధం పుట్టించేటోడు, మా నాయన నవ్వాపుకోలేక ఇంట్లకు పోయి బియ్యం తెచ్చేటోడు. చిందు భాగోతంల బుడ్డర్‌ఖాన్ గుడ అంతే, కథ నడుమ దూరి, ముందట కూసున్న ఊరి పెద్దల మీదికి మాట తిప్పుతడు. గదిల చేసే మీ అభ్యాసం వాళ్లకు ఊరూరి వాకిట్లల్ల అయ్యేది.

మీ మామ బతికున్నప్పుడు అద్రక్ కే పంజే ముచ్చట చెప్పేటోడు, చెప్పకముందే నవ్వేటోడు. హైదరాబాద్ బబ్బన్ ఖాన్ తనే రాసి, తనే నడిపించి, తనే ఆడిన ఆట అది; చాలీచాలని జీతం, ఇంటినిండ పిల్లలు, అప్పులోళ్లు, అంతే కథ. 1965ల మొదలుపెడితే 2001 దాక ఆడిండు, గిన్నిస్ పుస్తకంల గుడ ఎక్కింది. అద్రక్ అంటే అల్లమే కదా, మన చెల్కల అది తవ్వినప్పుడు ఒక కొమ్ముకు ఇంకొక కొమ్ము పుట్టుకొచ్చినట్టు ఆ ఇంట్ల పిల్లలు, పేరుల ఉన్న ఎకసెక్కం మనూరోళ్లకు చప్పున అందుతది. ముప్పై అయిదేండ్లు ఒక ఆట నిలబడాలంటే జనం ఎక్కడ నవ్వుతున్నరు, ఎక్కడ కదులుతున్నరు అని రోజూ చెవొగ్గి వినాల్సిందే కదా.

మీరు వారమంతా కష్టపడ్డ పెండ్లి సీను తీసేయాల్సొచ్చిందని ఏడ్చినవట, మీ అమ్మ చెప్పింది. బిడ్డా, గురజాడ కన్యాశుల్కం 1892ల విజయనగరంల ఆడిండ్రు, 1897ల అచ్చయింది, అయినా ఆయనకు చాలక మొత్తం తిరగరాసి 1909ల మళ్ల అచ్చేయించిండు. ఇయ్యాల మనం చదివి నవ్వేది ఆ రెండోదే. అంత పెద్దాయనే అన్నేండ్లు చెక్కుకుంట కూసుంటే, మీ సీనుకు ఏమైంది? ఓ పక్కన పెట్టుండ్రి, పనికొస్తది.

నీ మీద నాకున్న నమ్మకం ఎక్కడిదో చెప్పుత విను. నువ్వు రెండో తరగతిల ఉన్నప్పుడు అంగడిల ఉల్లిగడ్డలమ్మే అవ్వను అచ్చం దించేసినవు, తక్కెడ పట్టే చెయ్యి, కొనకుండ పోయేటోళ్లను చూసి తిప్పే మూతి, ఇంటిల్లిపాదీ పడి పడి నవ్విన్రు, నేను మాత్రం ఆమెకు తెలిస్తే ఎట్లనో అనుకుంట కూసున్న. మల్ల అంగడికి నువ్వు సీదా ఆమె ముందటికే పోయి చేసి చూపించినవు. ఆమె జర సేపు నిన్నే చూసి, "నా చెయ్యి గిట్ల కాదే, గిట్ల" అని తక్కెడ నీ చేతికిచ్చి నేర్పింది. ఇప్పుడు కట్టే ఆటల గుడ ఎవరిని దించుతున్నవో వాళ్లు ముందు వరుసల కూసొని నవ్వగలుగుతరా అని ఒక్కసారి చూసుకో, నీకు చెప్పే పనిలేదు, అయినా చెప్పుత, ముసలి పానం ఊకోదు.

నీకు దొరికిన మంచి మాటను, దానికి జనం నవ్వుతరని తెలిసి గుడ, మీ జట్టుల మాట తడబడే చిన్నోనికి ఇచ్చినవట. నాకు చెప్పలేదు నువ్వు. వాడు ఆ మాట అన్నంక జనం నవ్వుతుంటే నువ్వు తొందరపడి నీ మాట అందుకోకు, నవ్వు సగానికి దిగినంక మాట్లాడు. వాని నవ్వు వానికి పూర్తిగ దక్కనియ్యి.

పెద్ద స్టేజీకి పోకముందు ఒకసారి మన దిక్కు వచ్చి ఆడుండ్రి. జనవరిల పాత పంటల జాతర ఎడ్లబండ్లు ఊరూరు తిరుగుతయి, ఆ యాళ్లకు పస్తాపూర్ దిక్కు ఊళ్లల్ల జనం ఒక్కకాడ దొరుకుతరు. మాచ్‌నూర్ల సంఘం రేడియో 2008 నుంచి నడుపుతున్నది గుడ ఊరి ఆడోళ్లే, మైకు ముందట మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ విడవాలో వాళ్లకు తెలుసు. వాళ్లు నవ్వు రాని కాడ ఊరికే నవ్వరు, మొకం మీదనే చెప్తరు. పొద్దుగూకి, వంటలయి, పశువులకు గడ్డేసినంకనే మొదలుపెట్టుండ్రి, లేకుంటే ఆడోళ్లు సగం ఆట ఇడిసిపెట్టి లేచిపోతరు.

వచ్చే తారీఖు ముందుగాల చెప్పు. అందరూ మనింట్లనే పండుకుంటరు, మిద్దె మీద జాగ ఉంది, జొన్నరొట్టెలు చేసి పెడుత. ఆ చిన్నోడు కారం తినలేడన్నవు కదా, వానికి వేరే పప్పు వండుత. ఇంకెవరికన్న ఏమన్న పడకపోతే అది గుడ రాయి.

మీ అత్తమ్మ