పెయ్యి నొప్పులు - ఎక్స్‌రేకు అందని బాధ

"పెయ్యంతా గుంజుతున్నది బిడ్డా, చేతులు తిమ్మిర్లెక్కుతున్నయి." మిరప చేను నుంచి రాగానే మా చిన్నమ్మ రోజూ అనే మాట ఇది. మాది మేళ్లచెరువు. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. అందుకే ఊళ్ళో అందరూ "ఫ్లోరైడు నొప్పులే" అన్నారు. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయి. "నీకేం లేదు పో" అన్నాడొక డాక్టరు. ఏమీ లేకపోతే ఈ బాధ ఎక్కడిది? సైన్సు విద్యార్థిగా నేను తెలుసుకున్నది మిత్రులకు చెప్తాను.

మొదట ఫ్లోరోసిస్ సంగతి చూద్దాం. నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గురించి సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక గట్టిపడి, లోపలి దారి ఇరుకై, వెన్నుపామును, నరాల మొదళ్లను నొక్కుతుంది. నడుము వంగదు, కాళ్లు బిగుసుకొని బలం తగ్గుతుంది. ముదిరిన జబ్బు ఎక్స్‌రేలో కనిపిస్తుంది.

చిన్నమ్మది వేరు. దాని పేరు ఫైబ్రోమయాల్జియా. మూడు నెలలకు మించి ఒళ్లంతా నొప్పులు, తిమ్మిర్లు, మంటలు, కండరాలు పట్టేయడం, పడుకొని లేచినా తీరని అలసట దీని లక్షణాలు. చేతుల్లో సత్తువ లేదనిపిస్తుంది గాని, పరీక్షిస్తే కండరం బలం సాధారణంగా తగ్గి ఉండదు. మరి లోపం ఎక్కడ? మా శివరాత్రి జాతరలో మైకు చూడండి. మనిషి మెల్లగా మాట్లాడినా, యాంప్లిఫయరు పెంచితే చెవులు గింగురుమంటాయి. అట్లాగే వెన్నుపాము, మెదడు కలిసి చిన్న నొప్పిని పెద్దది చేస్తాయి. కొందరిలో చర్మంలోని సన్నని నరాలు కూడా తగ్గినట్లు పరిశోధనల్లో కనిపించింది. కాబట్టి ఇది నటన కాదు.

దీన్ని తేల్చే ఎక్స్‌రే గాని రక్తపరీక్ష గాని లేదు. థైరాయిడ్, షుగరు, బి12, డి విటమిన్ల లోపం వంటివి ఉన్నాయేమో డాక్టరు చూస్తాడు. రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ నడక, సరైన నిద్ర, అవసరమైతే డాక్టరు రాసే మందులు మేలు చేస్తాయి. స్టెరాయిడ్ సూదులతో దీనికి ప్రయోజనం లేదు. అయితే కాళ్లు నిజంగా చచ్చుబడినా, నడక తూలినా, మూత్రం పట్టు తప్పినా ఆలస్యం చేయక నరాల డాక్టరుకు చూపించాలి.

ఇదంతా విని చిన్నమ్మ, "అయితే నేను దొంగ ఏడుపు ఏడుస్తలేననే గదా!" అన్నది. నొప్పికంటే ఆ నిందే ఆమెను ఎక్కువ బాధపెట్టిందని అప్పుడు తెలిసింది. మన ఇళ్లల్లో ఇట్లా చెప్పుకొనే అమ్మలు, చిన్నమ్మలు ఉంటే ముందు వాళ్ల మాట నమ్ముదాం.