పెరట్లో కాపీ-పేస్ట్

మూడేళ్ళ క్రితం ఇక్కడ ఇంగ్లాండులో ఇల్లు కొందామని ఒకటి ఖాయం చేసుకున్నాం. సర్వేయరు రిపోర్టులో ఒక్క వాక్యం చూసి లోను ఇచ్చేవాళ్ళు ఆగిపోయారు. పెరటి కంచె పక్కన జపనీస్ నాట్‌వీడ్ ఉందట! కలుపు మొక్కే కదా, పీకి పారేస్తే పోదా అనుకున్నాను. పీకితే ఇంకా పెరుగుతుందని తర్వాత తెలిసింది. ఎందుకో అర్థం కావాలంటే హైస్కూల్లో బట్టీపట్టిన ప్రత్యుత్పత్తి పాఠం ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అలైంగిక ప్రత్యుత్పత్తిలో తల్లి ఒక్కటే చాలు, పిల్ల తల్లికి నకలు. అరటి పిలక, పసుపు కొమ్ము, రణపాల ఆకు అంచున మొలిచే పిల్లమొక్కలు ఈ కోవలోవే. లైంగిక ప్రత్యుత్పత్తిలో పుప్పొడి నుంచి సగం, అండం నుంచి సగం జన్యువులు వచ్చి కలుస్తాయి. ప్రతి గింజా ఒక కొత్త కలయిక. బంగినపల్లి టెంక పాతితే అచ్చంగా బంగినపల్లే కాస్తుందన్న నమ్మకం లేదు, అందుకే మనవాళ్ళు అంటు కడతారు. మన సాఫ్ట్‌వేర్ భాషలో మొదటిది కాపీ-పేస్ట్, రెండోది మెర్జ్.

నాట్‌వీడ్‌ను జపాన్ నుంచి యూరప్‌కు తెచ్చినవాడు ఫిలిప్ ఫాన్ సీబోల్డ్. ఆయన నర్సరీ నుంచి 1850లో అది లండన్‌లోని క్యూ తోటకు చేరింది. బ్రిటన్‌లో ఉన్నది ఆడమొక్క, పుప్పొడినిచ్చే సొంత జాతి మగమొక్క ఇక్కడ లేదు. అయినా దేశమంతా పాకింది! నేలలోని దాని దుంపవేరు ముక్క గ్రాము బరువు లేకపోయినా మట్టిలో పడితే మొలుస్తుంది. 2000లో ప్రచురించిన ఒక పరిశోధనలో బ్రిటన్‌లో సేకరించిన 150 నమూనాల జన్యుముద్ర ఒక్కటే అని తేలింది. అంటే ఊరూరా ఉన్నది ఒకే మొక్క అన్నమాట.

నకలుకు లాభం వేగం. మరి నష్టం? ఒక కాపీలో ఉన్న బగ్ అన్ని కాపీల్లోనూ ఉంటుంది. ఐర్లండు పేదలు తిన్న ‘లంపర్’ బంగాళాదుంప కూడా దుంపల నుంచి పెంచిన నకలే. 1845లో తెగులు సోకినప్పుడు తట్టుకునే మొక్కలు లేకపోయాయి. ఆ కరువులో సుమారు 10 లక్షలమంది చనిపోయారు. మెర్జ్ నిదానమే, కానీ తెగులు వచ్చినప్పుడు ఏదో ఒక గింజ నిలబడే అవకాశం ఉంటుంది.

మా సంగతంటారా? అమ్మేవాళ్ళు కొన్నేళ్ళపాటు మందు కొట్టించే ఒప్పందం, గ్యారంటీ ఇచ్చాక లోను వచ్చింది. మీరూ ఇల్లు చూసేటప్పుడు పెరడు కూడా చూడండి. నాట్‌వీడ్ కనబడితే మాత్రం తవ్వకండి, చెత్తబుట్టలో వేయకండి. 1981 చట్టం ప్రకారం దాన్ని బయట ప్రకృతిలో నాటడం, పెరిగేలా చేయడం నేరం. పైగా మీరు పారేసే ప్రతి ముక్కా మరో పేస్టే!