మూలబడ్డ ఆయిల్ ఇంజను

అక్కలారా! మీ బావి దగ్గర రేకుల షెడ్డులో పాత ఆయిల్ ఇంజను ఉందా? తుప్పు పట్టి, కోళ్ళు గుడ్లు పెట్టే చోటుగా మారిందా? దాన్ని పాత ఇనుప సామాన్లవాళ్ళకు తూకానికి వేసే ముందు ఈ పాఠం చదవండి.

ఎద్దుల మోట పోయి కరెంటు మోటారు వచ్చే మధ్యకాలంలో చాలా బావుల దగ్గర నీళ్ళు తోడింది ఈ ఇంజనే. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ ఇలాంటి 5 హెచ్.పి. డీజిలు ఇంజనును తయారు చేసింది. రెండు పెద్ద చక్రాలు, నిమిషానికి 600 చుట్లు. 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ల కంపెనీ మొదలైంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో లిస్టర్ నమూనా ఇంజన్లు ఎన్నో తయారయ్యాయి. అందుకే వీటికి సామాన్లు దొరకడం అంత కష్టం కాదు.

పెట్రోలు బండికి ఉన్నట్టు దీనికి ప్లగ్గు ఉండదు. మరి డీజిలు ఎలా మండుతుంది? సైకిలు పంపుతో గబగబా గాలి కొట్టి చూడండి. పంపు అడుగు వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుందన్నమాట. ఇంజనులో పిస్టను గాలిని ఇంకా గట్టిగా నొక్కుతుంది. కాగిన ఆ గాలిలోకి ఇంజెక్టరు డీజిలును సన్నటి తుంపరగా చిమ్ముతుంది. అది భగ్గున మండి పిస్టనును నెడుతుంది.

ఏళ్ళతరబడి ఆగిన ఇంజనును ఒక్కసారే తిప్పకూడదు. ముందు పొగ గొట్టం, గాలి వచ్చే దారి చూడండి. కందిరీగలు మట్టిగూళ్ళు కట్టి ఉంటాయి. ఎలుకలు కూడా తక్కువవి కావు. అడుగున ఉన్న నల్లటి ఆయిలు తీసేసి, కొలత పుల్ల మీది గీత దాకా కొత్త ఆయిలు పోయాలి. డీజిలు ట్యాంకు అడుగున నీళ్ళు, తుప్పు ఉంటాయి. కడిగి ఆరబెట్టాలి. చక్రం కదలడం లేదా? పిస్టను పట్టేసింది. మెకానిక్ చేత ఇంజెక్టరు విప్పించి, ఆ రంధ్రంలో కొంచెం డీజిలు, ఆయిలు కలిపి పోసి రెండు మూడు రోజులు నాననివ్వండి. తర్వాత చక్రాన్ని చేత్తో అటూ ఇటూ మెల్లగా ఊపాలి. సుత్తితో కొడితే ఉన్న ఇంజనూ పోతుంది.

ఇంజను చల్లబడడానికి నీళ్ళు తిరుగుతున్నాయో లేదో చూసుకోండి. నీళ్ళు లేక బాగా కాగిపోతే వెంటనే చన్నీళ్ళు పోయొద్దు. ఇనుము పగులుతుంది.

ఇక తిప్పడం. కొంగు నడుముకు బిగించి దోపుకోండి. జడ ముడి వేసుకోండి. మగవాళ్ళయితే మెడలో తువ్వాలు తీసేయాలి. బెల్టు దేన్నయినా లాక్కుంటుంది, ఆడా మగా చూడదు. ఆపే లివరు ఎక్కడుందో ముందే తెలుసుకోండి. గాలి వదిలే లివరు ఎత్తితే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ వేయకూడదు. ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. వేగం అందుకున్నాక లివరు దించాలి. డుగ్, డుగ్ మంటూ అందుకుంటుంది. హ్యాండిలు దానంతటదే జారి వస్తుంది. రాకపోతే పట్టుకొని లాగొద్దు. వదిలేసి దూరం జరిగి, ఇంజను ఆపాలి.

ఎంత తిప్పినా అందుకోలేదా? డీజిలు గొట్టంలో గాలి చేరి ఉంటుంది. నట్టు కొంచెం వదులు చేసి తిప్పితే బుడగలు వస్తాయి. బుడగలు పోయి ఒట్టి డీజిలే వచ్చినప్పుడు బిగించాలి. ఇంజెక్టరు చిమ్మే చోట మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఆ తుంపర చర్మంలోకి దూరుతుంది. చీమ కుట్టినంత గాయమే కనబడినా ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. పైనున్న పంపు ఎంత లోతు నుంచైనా నీళ్ళు పీల్చలేదు. ఇంచుమించు 25 అడుగులు దాటితే కష్టం. అందుకని ఎండాకాలంలో నీళ్ళు అడుగంటితే, బావి లోపల గట్టు చెక్కి ఇంజనును కిందికి దించేవారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పని. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, తర్వాత స్పృహ ఉండదు. పడిపోయినవాళ్ళను తీయబోయినవాళ్ళూ పడిపోతారు. లాంతరు దించి చూస్తాం గదా అంటారు కొందరు. ఈ వాయువు ఉన్నా లాంతరు వెలుగుతూనే ఉంటుంది! పొగ గొట్టం పైకి పెట్టామనీ అంటారు. అతుకుల్లోంచి కారితే ఎవరు చూశారు? ఇంజను బావి బయటే ఉండాలి. నీళ్ళు అందకపోతే ఆ బావికి అది పనికిరాదు, అంతే. ఎవరైనా లోపల పడిపోతే ఎవరూ దిగొద్దు. పైనుంచి వీలైతే ఇంజను ఆపండి. 101కు, 108కు ఫోను చేయండి.

ఇవి చేయండి:
ఇంజను రెండు చుట్లకు ఒకసారి డుగ్ మంటుంది. 600 చుట్లకు ఎన్నిసార్లు?
హ్యాండిలు ఎలా పట్టుకోవాలో పక్కన ఉన్న అక్కకు చేత్తో చూపించండి.
మీ ఊళ్ళో ఏ బావిలోనైనా ఇంజను కింద ఉందా? ఆ బావి ఎవరిదో మీ పలకమీద రాయండి.